కాయకస్థలమున పరుషవాక్కు

బసవేశ్వరుడు ఉద్యోగి. ఈ సంగతిని భక్తులు తరచు మరచుచుందురు. ఆయనను భక్తిభండారి యనియు, సంఘసంస్కర్త యనియు కొనియాడువారు, ఆయన ఒక రాజు కొలువున జీతము పుచ్చుకొని లెక్కలు చూచిన మనిషి యని తలపరు. పండ్రెండవ శతాబ్దమున కలచురి బిజ్జలుని కొలువున ఆయన కరణముగా చేరి, క్రమముగా భండారియై, రాజ్యధనమును తన చేతిమీదుగా నడపెనని సంప్రదాయము. కొలువన్నచో పైన ఏలిక యుండును, ప్రక్కన తోటివారుందురు, ఎదుగుచున్నవానిని చూచి ఓర్వలేని కన్నులును ఉండును.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన భండారపు ఘట్టము వీరశైవుల ఇండ్ల పిల్లలకు సైతము తెలిసినదే. బసవన్న రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొలువువారు బిజ్జలుని చెవిలో నూరిపోసిరి. కన్నడ సంప్రదాయము ఇట్టి చాడీకోరులలో ఒకనికి కొండె మంచన్న అని పేరే పెట్టినది. కొండెము అను మాట తెలుగువారికిని కొత్తది కాదు. బిజ్జలుడు బసవన్నను పిలిపించి అడిగెను. బసవన్న లెక్క చూచుకొమ్మనెను. ధనమును ఎంచిరి, కాసైనను తగ్గలేదు. భక్తులు ఈ ఘట్టమున శివుని మహిమను చూచుదురు. అది సరియే. కాని అందు వేరొక విషయమును కలదు. నింద మోయబడినవానిని ఎదుట నిలిపి అడిగిరి; లెక్క తీసిరి; లెక్క తేలిన పిదప మాట ముగిసెను. తరువాతి కాలమున హరళయ్య మధువయ్యలను క్రూరముగా దండించిన బిజ్జలుడే ఆనాడు ఈ మాత్రపు న్యాయమును పాటించెను. నేడు పని చేయు స్థలములలో ఈ మాత్రమును లభింపని వారెందరో కలరు. అట్టివారిని వెదకుచు దూరము పోనక్కరలేదు. శ్రీకాకుళము జిల్లా పలాసకు పోయి, జీడిపప్పు పని ఎట్లు జరుగునో చూచిన చాలును.

సముద్రతీరము వెంబడి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మొదలగు ప్రాంతములు కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఉద్దానము. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ తోటల పిక్కలును, ఆఫ్రికా దేశములనుండి ఓడలలో వచ్చు పిక్కలును పలాస–కాశీబుగ్గ జంటపట్టణములలోని జీడి పరిశ్రమలకు చేరును. పిక్కలను ఎండబెట్టి, ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, ఒక్కొక్కదానిని మిషనుపై నుంచి గుల్ల చీల్చి పప్పు తీయుదురు. గుల్లలో నల్లని జీడిరసము గలదు. అది తగిలిన చోట చర్మము పొక్కును. చేతులకు నూనెయో బూడిదయో పూసికొని పని చేయుట ఈ వృత్తిలో పాత అలవాటు. పిదప పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పైనున్న ఎర్రని పొరను ఒలిచి, రకములుగా విడదీయుదురు. పౌనుకు 180 లోపు తూగునది పెద్ద రకము. 210, 240, 320 అని దిగుచు పోవును. నిండు పప్పునకు ఒక ధర, బద్దకు ఒక ధర, ముక్కకు అంతకంటె తక్కువ ధర. ఇటీవల యంత్రములు వచ్చినను, పొర తీయుట, రకములు చేయుట పెక్కుచోట్ల స్త్రీల చేతులమీదుగానే నడచుచున్నవి. కూలి తూకమును బట్టి యుండును.

ఈ పని స్వభావమును గమనింపవలెను. ఇది వ్రేళ్ల కొనలతో చేయు పని. వ్రేలు వణికెనా, పప్పు విరుగును. ఒక మేస్త్రీ ఒక స్త్రీ గంపను అందరి యెదుట తిరుగబోసి, ఆమె పుట్టుకను, కులమును, ఇంటిలోని మగవానిని కలిపి తిట్టెననుకొనుడు. ఆమె బదులు చెప్పదు. తల వంచుకొని కూర్చుండును. కాని ఆనాటి మధ్యాహ్నము ఆమె చేతిలో విరిగిన పప్పు ఉదయముకంటె ఎక్కువగును. సాయంకాలము తూకములో నిండు పప్పు తగ్గును, ముక్క పెరుగును. దానికి మరల తిట్టు. మరునాడు ఆమె వచ్చునప్పటికే చేతులు వణకుచుండును. తిట్టినవాడు ‘ఈమెకు పని రాదని ముందే అంటిని గదా’ అనును. తన మాటయే ఆ పప్పును విరుగగొట్టినదని ఆతనికి తోచదు. యజమానికిని తోచదు. ఇతరచోట్ల మాట దెబ్బ కంటికి కనబడదు. ఇచ్చట మాత్రము అది త్రాసులోనికి వచ్చి కూర్చుండును.

ఒకనాటి కోపము వేధింపు కాదు. ఆకలిమీద, ఎండమీద, నష్టముమీద మనుష్యుడు కసరును, మరునాడు మరచును. వేధింపన్నది ఒకే మనిషిని ఎంచుకొని, వారములు నెలలు, ఎదురు చెప్పలేని స్థితిలో నున్నవానిపై సాగునది. పాశ్చాత్యదేశములలో ఈ విషయమును పరిశోధించిన పండితులును ఈ రెండు గుర్తులనే ముఖ్యముగా చెప్పిరి: మాటిమాటికి జరుగుట, బలములో హెచ్చుతగ్గులుండుట. దానికి అరపు తప్పనిసరి కాదు. చెమ్మ తగిలిన చిన్న పిక్కల బస్తా ఎప్పుడును ఒకామెకే ఇచ్చుట, తూకమున ఆమెను కడపట నిలుపుట, ఆమె రాగానే మాటలు ఆపుట, ఎగతాళి పేరు పెట్టి పిలుచుట – ఇవియు వేధింపులే. టెక్కలిలోనో శ్రీకాకుళములోనో కుర్చీలో కూర్చుండి పని చేయువారికి ఇది వేరు వేషమున వచ్చును. ఫైలు కదలనీయరు. సెలవు చీటి మూడు నాళ్లు బల్లమీద పడియుండును. అందరికిని తెలిసిన సంగతి ఒక్కనికి మాత్రము చెప్పరు. తెలియలేదని మరల వానికే మెమో ఇత్తురు. బడిపంతులు, బ్యాంకు గుమాస్తా, ఆసుపత్రి నర్సు ఎవరైనను ఈ వేషమును గుర్తుపట్టగలరు.

అప్పుడు చుట్టుప్రక్కలవారు ఒక మాట అందురు. ‘ఆమె స్వభావమే అంత. చిన్న మాటకే కుములును. అదే ఇంకొకరైన దులుపుకొని పోవుదురు’ అని. ఈ మాట మిక్కిలి సులభమైనది, మిక్కిలి అన్యాయమైనదియు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములోని కొబ్బరిచెట్లు వేలకు వేలు నేలకొరిగినవి. కొన్ని కూలక, ఒక ప్రక్కకు వంగి నిలిచినవి. ఆ రాత్రి సంగతి తెలియనివాడు అట్టి చెట్టును చూచి, ఇది పుట్టుకతోనే వంకరగా పెరిగినదని అనవచ్చును. ఆ ఊరివాడు అట్లనడు.

స్వభావమునకు పాత్ర లేదని కాదు. పరిశోధకులు దీనిని చాలకాలము చూచిరి. సులభముగా కలతపడు మనస్సు గలవారు తాము వేధింపబడితిమని ఎక్కువగా చెప్పుట వారు గమనించిరి. కాని నెలల తరబడి వేధింపబడినవారు, అంతకు ముందు నిబ్బరము గలవారైనను, కలతపడు స్వభావము గలవారుగా మారుటయు చూచిరి. గాలి ముందా, వంగుట ముందా అని విడదీయుట కష్టము. విడదీసినను న్యాయము మారదు. మెత్తని మనస్సు గలవాడని ఎవరినైనను కొట్టవచ్చునా? పసిబిడ్డ చర్మము మెత్తనిదని జీడిరసము పూయరు.

ఇట్టి గాలిని దీర్ఘకాలము ఓర్చినవారికి కలుగు స్థితికి పల్లెలలో ఒక మాట కలదు: మనసు వట్టిపోయినదందురు. పాలిచ్చిన ఆవు వట్టిపోయినట్లు. 1974లో న్యూయార్కునందలి మనస్తత్త్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ స్థితిని గూర్చి వ్రాసెను. అది అతడు ఉచిత వైద్యశాలలో సేవ చేయువారియందు చూచిన స్థితి. 1981లో అమెరికాకే చెందిన క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అను విదుషీమణులు దానిని కొలుచు పద్ధతి నేర్పరచి మూడు లక్షణములు చెప్పిరి. మొదటిది మనోభావములు పూర్తిగా ఇంకిపోవుట. రెండవది ఎదుటి మనుష్యులను మనుష్యులుగా గాక వస్తువులుగా చూచుట. మూడవది తన పనికి విలువ లేదని తానే నమ్ముట. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన రోగవర్గీకరణపు 11వ కూర్పున దీనిని చేర్చి, ఇది రోగము కాదు, పని స్థలమున తీరని ఒత్తిడి వలన కలుగు స్థితి యని నిర్వచించెను. అనగా దీని మూలము మనిషిలో మాత్రమే వెదకరాదని ఆ సంస్థయే చెప్పినట్లయినది.

మూడవ లక్షణమును శివభక్తులు ప్రత్యేకముగా ఆలోచింపవలెను. శరణులు కాయకమును పూజకంటె తక్కువగా ఎంచలేదు. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. డోహర కక్కయ్య తోళ్లు పదును చేసెను. ఆ పనులను లోకము హీనమన్న కాలమున వారు తలయెత్తి ఆ పనులతోనే శివుని కొలిచిరి. అట్టి కాయకమును చేయుచున్న ఒక స్త్రీచేత ‘నా పని పనికిమాలినది, నేనును పనికిమాలినదానను’ అని నమ్మించుట ఎట్టిది? చేయుచున్న పూజను మధ్యలో కాలితో తన్నుట వంటిది. ఆమె ఇష్టలింగధారి యగునా కాదా అను ప్రశ్న ఇక్కడ లేదు. దేహమును శివుని నివాసముగా భావించు మతమున, ఎవరి దేహమును ఎవరి మనస్సును నలిపినను అది ఆలయముపై రాయి విసరుటయే.

మేస్త్రీ యొక్కడే దుర్మార్గుడని తేల్చి ముగించుటయు సరికాదు. వానిని గుత్తేదారు తిట్టును; గుత్తేదారును యజమాని తిట్టును; యజమానికి బ్యాంకు వాయిదా, ధర పడిపోయిన భయము. పిక్కలు దొరకక కొన్ని పరిశ్రమలు కొన్నాళ్లు మూతపడుటయు ఈ ప్రాంతమువారికి తెలిసినదే. పైనుండి పడిన తిట్టు ఒక్కొక్క మెట్టు దిగుచు, దిగువ మెట్టున కూర్చున్న స్త్రీమీద పడి, ఆమెనుండి ఇంటిలోని బిడ్డమీద పడును. ఆ బిడ్డకు తరువాతి మెట్టు లేదు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. పై మెట్టునుండి దెబ్బ తిన్నవారందరును క్రింది మెట్టును కొట్టరు. కొట్టకుండ ఆగినవాడు ప్రతి పని స్థలమునను ఒకడో ఇద్దరో ఉందురు. వారి పేర్లు ఎవరును చెప్పుకొనరు.

వీరశైవమునకు పంచాచారములు కలవు. అందు భృత్యాచారము ఒకటి. శివభక్తుడు తాను అందరికిని భృత్యుడనని తలచి మెలగవలెనని దాని సారము. దీనిని జంగముల పాదముల యెదుట మాత్రమే పాటించు ఆచారముగా చేసికొన్నవారు కలరు. మఠమున సాష్టాంగపడిన మనిషి గిడ్డంగికి వచ్చి కూలివానిని ‘ఒరేయ్’ అని పిలిచినచో ఆ భృత్యాచారము మఠపు గడపకు ఈవలకు రాలేదన్న మాట. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునుడు పైకప్పు లేక ఎండలో, వానలో నిలిచియున్నాడు. కార్తిక సోమవారములందు జనము వేలుగా అచటికి పోవుదురు. ఆ సోమవారము స్వామికి అభిషేకము చేయించుటకు పోవు యజమాని, అదే సోమవారమునకు సెలవడిగిన కూలిదానిని ఏమనెనో స్వామికి తెలియదనుకొనుట అమాయకత్వము.

గణాచారము మరియొకటి. అన్యాయము జరుగుచుండగా చూచుచు ఊరకుండరాదని దాని భావము. వేధింపు సాగుటకు వేధించువాని బలముకంటె చూచువారి మౌనము ఎక్కువ తోడ్పడును. నలుబదిమంది స్త్రీలు వరుసగా కూర్చున్నచోట ఒకామె గంప తిరుగబోసినప్పుడు, ప్రక్కనున్న ఆమె ఒక్క మాట అన్న చాలును: ‘అయ్యా, ఆమెకు వచ్చిన బస్తా చూడండి, అది చెమ్మ బస్తా.’ ఇది తిరుగుబాటు కాదు, సాక్ష్యము. బసవన్న కొలువున లెక్క చేసిన పనినే ఇక్కడ ఈ మాట చేయును.

‘మెత్తగా మాటలాడిన పని జరుగునా?’ అని అడుగువారుందురు. టెక్కలి పరిసరముల నీలి గ్రానైటు క్వారీలలో రాయి జారుచున్నప్పుడు ‘తప్పుకో’ అని గొంతు చించుకొని అరచినవాడు ప్రాణదాత. ఆ అరపును ఎవరును అవమానమని తలపరు. కఠినత వేరు, క్రూరత వేరు. ఆయ్దక్కి మారయ్య కథ ఈ భేదమును చక్కగా చూపును. అతడు రాలిన బియ్యము ఏరి తెచ్చి, భార్య లక్కమ్మతో కలిసి దాసోహము చేయువాడు. ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని ముట్టలేదు. ఇది ఆశయా, ఎక్కువైనదానిని తిరిగి అచటనే పోసి రమ్మని చెప్పెను. అంతకంటె గట్టి మందలింపు శరణుల కథలలో అరుదు. కాని ఆమె తప్పును చూపెను, మనిషిని తగ్గింపలేదు. మారయ్య బియ్యము తిరిగి పోసి వచ్చెను. ఆ యింట మరునాడును దాసోహము జరిగెను.

వేధింపబడినవారికి పెద్దలు సాధారణముగా చెప్పు సలహా ‘ఓర్చుకో, అది నీ పూర్వకర్మ’ అని. ఈ సలహా చెప్పుట తేలిక. చెప్పినవాడు ఆ రాత్రి హాయిగా నిద్రించును. ఓర్పు గొప్ప గుణమే. కాని ఎదుటివాని పాపమునకు ఎరువుగా వేయుటకు కాదు. బసవన్నయే, పరిస్థితి చేయి దాటినప్పుడు, కొలువు విడిచి కూడలసంగమమునకు వెడలిపోయెను. దానిని ఎవరును పిరికితనమనలేదు. అయితే ఉద్యోగము విడుచుట అందరికిని సాధ్యమగు పని కాదు. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి కొన్ని దశాబ్దములుగా ఇండ్లను కూల్చుచున్నది. ఫలానా కారణమని నిర్ధారణ కాలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనాకేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. వారమునకు రెండు మూడు మార్లు భర్తను డయాలసిస్‌కు తీసికొనిపోవు స్త్రీ ఏ ధైర్యముతో పని మానగలదు? ఆమె సెలవులు ఎక్కువ. కావున తిట్లును ఎక్కువ. ఆమె మౌనమును అంగీకారమని తలచుట ఘోరము.

గల్ఫు దేశములకును, దూరపు ఓడరేవులకును పోయిన ఉద్దానపు యువకుల స్థితి ఇంకొక విధము. పాసుపోర్టు గుత్తేదారు చేతిలో నుండును, భాష తెలియదు. ఇంటికి ఫోను చేసినప్పుడు ‘బాగున్నాను’ అందురు. తల్లి ‘గొంతు అట్లున్నదేమిరా?’ అనును. ‘జలుబు’ అని చెప్పుదురు. వారి ఊళ్లలోని పెద్దలు డబ్బు వచ్చినదా అని గాక, మనిషి నిద్రించుచున్నాడా అని అడుగుట నేర్చుకొనవలెను.

చేయదగిన పనులు లేకపోలేదు. 2013 నాటి చట్టము ప్రకారము పదిమందియు అంతకు మించియు పని చేయు ప్రతి స్థలమునను, స్త్రీలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినుటకు అంతర్గత కమిటీ ఉండి తీరవలెను. అంతకు తక్కువమంది యున్నచోటను, యజమానిపైననే ఫిర్యాదైనప్పుడును జిల్లా స్థానిక కమిటీ వినును. వీరశైవ కుటుంబములలో అంగళ్లు, మిల్లులు, పాఠశాలలు గలవారు తమ స్థలమున ఆ కమిటీ కలదో లేదో ఈ దినమే చూచుకొనవలెను. మనసు వట్టిపోయినవారు టెలీమానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరున ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇది 2022 అక్టోబరునుండి నడచుచున్నది. తిట్టిన దినము, తిట్టిన మాట, ఎదుట ఉన్నవారు – ఈ మూడును చదువు వచ్చిన బిడ్డచేత ఒక నోటుపుస్తకమున వ్రాయించుట మేలు. లెక్క లేనిచో కొండెమే గెలుచును.

మఠములు తమ ఇల్లు ముందు చూచుకొనవలెను. వంటశాలలో వడ్డించువాడు, గోశాల ఊడ్చునది, మఠపు బడిలో తక్కువ జీతమునకు పాఠము చెప్పు యువతి – వీరును కాయకులే. పర్వదినమున పంక్తిలో పప్పు ఆలస్యమైనదని వంటవానిమీద పడిన కేక అర్చన గంటలలో కలిసిపోవును గాని, వాని చెవిలో కలిసిపోదు. విరాళమెక్కువ ఇచ్చినవానిని సభలో సన్మానించునప్పుడు, వాని క్రింద పని చేయువారు వానిని గూర్చి ఏమందురో విచారించు పద్ధతి ఏ మఠమైనను మొదలుపెట్టినచో, కొన్నాళ్లు విరాళములు తగ్గవచ్చును. తగ్గనిండు.

పలాస, టెక్కలి ప్రాంతముల భక్తమండలులు నెలకొకమారు కూడి, పని చేయువారి కష్టసుఖములు వినుట కష్టము కాదు. అచట ఉపన్యాసములు వలదు. విని వ్రాసికొనువారు ఇద్దరు చాలును, అందొకరు స్త్రీయై యుండవలెను. దానికి దినము నిర్ణయించునప్పుడు మాత్రము పంచాంగము చూచుటకంటె కూలి ఇచ్చు దినమును చూచుట మంచిది. తూకము ముగిసి, డబ్బు చేతికందిన సాయంకాలమే ఆ సభ జరుగవలెను. అంతకు ముందు పిలిచినచో స్త్రీలు వత్తురు, కూర్చుందురు, అంతయు బాగుగనే యున్నదని చెప్పి పోవుదురు.